పురిటి గదిలో ఎవరి మాట చెల్లింది

కాన్పులో తల్లి ప్రాణం పోతే పెద్దలు ‘దాని రాత’ అని సరిపెట్టుకునేవారు. ఆ రాతలో ఇంటివాళ్ల నిర్ణయాల వాటా ఎంతో ఈరోజు చెప్పుకుందాం.

1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో గురజాడ అప్పారావు గారు ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి మన విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయి. అందులో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది! బాల్యవివాహాలు ఆ ఒక్క కులానికే పరిమితం కావు. అలా కాపురానికి వెళ్లిన పిల్లలకు ఒళ్లు ఎదగకుండానే కడుపు వచ్చేది.

ఇక పురుడు. ఇంట్లో గాలి ఆడని మూల గది, నులక మంచం, కింద నిప్పుల కుంపటి, గుమ్మానికి వేపమండలు. మైల కనుక మంత్రసాని తప్ప ఎవరూ లోపలికి వెళ్లకూడదు. నీళ్లాడిన పిల్లకు దాహమేసినా మంచినీళ్లు కొలిచి పోసేవారు. కారప్పొడి, వెల్లుల్లి, పాతబియ్యం అన్నం, కాయం ముద్ద, అదే పథ్యం. మంత్రసానిని నేను తప్పుపట్టను. వేరే దిక్కులేని రోజుల్లో అర్ధరాత్రి పిలిచినా వచ్చింది ఆమే. రక్తస్రావం ఆగకపోతే ఆమె చేతిలో మందు లేదు, అంతే.

ఆస్పత్రులు రాకపోలేదు. మగ డాక్టరు ముందుకు రాని ఆడవాళ్ల కోసం మద్రాసులో వైద్యురాలు మేరీ షార్లీబ్ 1885లో ఘోషాసుపత్రి తెరిపించారు. విశాఖలోనూ విక్టోరియా ఆస్పత్రిని జనం ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. కానీ చోడవరం పల్లెల నుంచి బండి కట్టాలంటే అత్తగారు ఊఁ అనాలి, మగాళ్లు పొలం నుంచి రావాలి, డబ్బు పుట్టాలి. నొప్పులు పడుతున్న మనిషిని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

2005లో ఆస్పత్రి కాన్పుకు డబ్బు సాయం చేసే జననీ సురక్ష యోజన, అదే ఏడు ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చాయి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి అత్తగారితోనే మాట్లాడడం మొదలుపెట్టింది. ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 154 మంది తల్లులు చనిపోతే, 2018-20 నాటికి విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు దిగింది. ఎంత పెద్ద మార్పో చూడండి! అయినా మాడుగుల దాటి ఏజెన్సీలోకి వెళితే, రోడ్డు లేని కొండ ఊళ్లలో నిండు చూలాలిని ఇంకా డోలీ కట్టి మోస్తున్నారు.

మైదానంలో రోడ్డుంది, ఆస్పత్రి ఉంది. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, కడుపునిండా తింటే బిడ్డ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందనీ చెప్పే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మలూ, అత్తలూ, ఆ మాటలు నిజం కావు. మీ కోడలికి ఆ మాత్ర మీ చేత్తోనే ఇవ్వండి. ముందు అన్నం ఆమెకు పెట్టండి.