నీటిని శుభ్రపఱచు బొగ్గు: దాని ఖర్చుల అంచనా

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దల మాట. వేసిన అంచనా యొకటి, తుదకు అయిన ఖర్చు మఱియొకటి యగుట ఈ రెండు పనులలో అందఱికిని అనుభవమే. ఊరికి నీటిశుద్ధి కేంద్రము పెట్టించుటయు నేడు ఈ కోవకు చేరినది. నేను ఇట్టి పనులకు అంచనాలు వేయువాడను. కేంద్రము తెఱచిన దినమున జనులకు కలిగిన సంతోషము రెండవ యేటికి నిలువని ఊళ్లను చూచితిని. కావున ఆ కేంద్రములలో వాడు ఉత్తేజిత కర్బనమను బొగ్గుకు నిజముగా ఎంత ఖర్చగునో, దానిని మీరే యెట్లు లెక్కచూచుకొనవచ్చునో మనవి చేసెదను.

ఇది మన పొయ్యిలోని బొగ్గు వంటిది కాదు. కొబ్బరిచిప్పలనో రాక్షసిబొగ్గునో గాలి చాలకుండ కాల్చి, పిమ్మట సుమారు 900 డిగ్రీల వేడిలో నీటియావిరిని పట్టించి దీనిని తయారుచేయుదురు. ఆవిరి బొగ్గును తొలిచి, కంటికి కానరాని రంధ్రములను లెక్కకు మిక్కిలిగా చేయును. ఆ రంధ్రముల గోడలను విప్పి పఱచగలిగినచో, ఒక్క గ్రాము బొగ్గు సుమారు పాతిక సెంట్ల భూమిని కప్పును. నీటిలోని దుర్వాసన, రంగు, చేలమీద చల్లిన పురుగుమందులలో పెక్కు ఆ గోడలకు అంటుకొని నిలిచిపోవును. గోడలు నిండినంతట బొగ్గు పని తీఱినట్లే. అది యెన్నాళ్లకు నిండునన్న దానిమీదనే బొగ్గు ఖర్చంతయు ఆధారపడియుండును.

ఐతే లెక్కకు ముందు రోగనిర్ణయము కావలెను. బురదనీటికి చిల్లగింజ అరగదీసి కలుపుట మనము ఎఱిగినదే. చిల్లగింజ బురదను దించును గాని ఉప్పును తీయదు. అట్లే ఈ బొగ్గు వాసనను రంగును తీయును గాని, ఉప్పదనమును, కఠినత్వమును, నైట్రేటును తీయజాలదు. ఫ్లోరైడు విషయమున దీనిని నమ్ముకొనరాదు. నెల్లూరు జిల్లాలో ఎముకలను వంచు ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి షార్ట్ మొదలగు వైద్యులు 1937లోనే వ్రాసిరి. నల్లగొండ జిల్లా పడిన బాధ మనకు తెలిసినదే. అట్టి నీటికి పటికయు సున్నమును వేసి తేర్చు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థవారు 1970ల దశకమున రూపొందించిరి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు అంగీకరింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అంతకు మించిన ఫ్లోరైడు గల బావికి బొగ్గుతొట్టి పెట్టినచో నీరు రుచిగా నుండును; పిల్లల యెముకలు మాత్రము వంగుచునే యుండును. ఊరి సొమ్ము పోవుటకంటె ఇది పెద్ద నష్టము. కావున మొదటి ఖర్చు నీటి పరీక్షకు.

ఇక లెక్క చూతము. గంటకు 1,000 లీటర్లు వడియు తొట్టిని తీసికొందము. నీరు బొగ్గుతో కలసియుండు కాలము 10 మొదలు 20 నిమిషముల వఱకు సాధారణముగా పెట్టుదురు. 15 నిమిషములనుకొన్నచో 250 లీటర్ల పరిమాణము గల బొగ్గు కావలెను. లీటరు బొగ్గు సుమారు అరకిలో తూగును గనుక 125 కిలోలు పట్టును. 40 కిలోలతోనే పని జరుగునని యెవరైన చెప్పినచో, నీరు అయిదు నిమిషములలోపల దూసుకొనిపోవునని అర్థము.

కిలో 160 రూపాయలని లెక్కకొఱకు అనుకొందము; మీ యూరి ధర మీరు వేసికొనవచ్చును. అప్పుడు బొగ్గు వెల 20,000 రూపాయలు. అది తన పరిమాణమునకు 10,000 రెట్లు నీటిని శుభ్రపఱచుననుకొన్నచో మొత్తము 25 లక్షల లీటర్లు. దినమునకు 10,000 లీటర్లు వాడినచో 250 దినములకు బొగ్గు మార్చవలెను. 20 లీటర్ల క్యాను ఒక్కింటికి 16 పైసలు పడును. నీరు మఱింత చెడ్డదై బొగ్గు సగము కాలమే పనిచేసినచో 32 పైసలగును. ఈ కాలము ఊరూరికి మాఱును గనుక, ఆ యూరి నీటినే చిన్న గొట్టములోని బొగ్గు గుండ పోనిచ్చి పరీక్షించి తెలిసికొనవలెను.

మిగిలిన ఖర్చులను చూడుడు. తొట్లు, పంపు, ఇసుక వడపోత, గది కలిపి 3,00,000 రూపాయలనుకొందము. నూటికి 10 వడ్డీతో 15 ఏండ్లలో తీర్చుటకు ఏటికి సుమారు 39,400 కావలెను. పూటపనివానికి నెలకు 6,000 చొప్పున ఏటికి 72,000. ఇవి రెండును క్యానుకు 61 పైసలు పడును. బొగ్గుతో కలిపి 77 పైసలు. కరెంటు, పరీక్షలు వీనికి పైన. జనులు సగము నీరే తీసికొన్నచో జీతమును వాయిదాయును తగ్గవు గనుక ఆ 61 పైసలు 122 అగును. బొగ్గు మాత్రము 16 పైసలే. కనుక కేంద్రము ఊరి యవసరమునకు మించి పెద్దదిగా నుండరాదు.

ఇన్నింటిలో బొగ్గే చవుక. ఐనను దానినే మఱచుట తఱచు జరుగును. పంపు చెడినచో నీరు ఆగును. జీతమీయనిచో పనివాడు రాడు. బొగ్గు పని తీఱినను నీరు తెల్లగానే వచ్చును గనుక అడుగువారుండరు. దీనికి ఉపాయము సులభము. దినమునకు అమ్ముడగు 500 క్యానులలో ఒక్కొక్కదానికి 16 పైసలు తీసి వేఱుగా ఉంచినచో దినమునకు 80 రూపాయలు; 250 దినములకు సరిగా 20,000 కూడును. ఆ సొమ్మును వేఱొక పనికి ముట్టరాదు.

పెద్ద నగరముల దారి వేఱు. అమెరికాలో ఒహాయో నదీతీరమున గల సిన్సినాటి నగరమువారు 1992 నుండి పని తీఱిన బొగ్గును తమ కొలుములలోనే మఱల కాల్చి వాడుచున్నారు. కాల్చినప్పుడెల్ల కొంత బొగ్గు తఱుగును; ఐనను వారి పరిమాణమునకు అది గిట్టును. మన యూరికి కొలిమి గిట్టదు. చెఱువునీటికి వేసవిలో మాత్రమే నాచువాసన వచ్చుచో తొట్టియే అక్కఱలేదు. పొడిబొగ్గును లీటరునకు 10 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, తేర్చి వడపోసినచో కిలో పొడి లక్ష లీటర్లకు వచ్చును. అద్దకపు కార్ఖానాల మురుగునీటికైనచో బొగ్గును చివరి మెట్టుగానే పెట్టవలెను. ముందు తేర్చి వడపోయని నీరు బొగ్గును కొలది దినములలోనే పూడ్చివేయును.

కావున అమ్మువానిని నాలుగు ప్రశ్నలడుగుడు. మా నీటిలోని దోషమును ఈ బొగ్గు తీయునా? ఎన్ని కిలోలు పోయుదురు? ఎన్ని లీటర్లకు మార్చవలెను? మార్చుటకు ఏమగును? ఈ జవాబులను కాగితముమీద వ్రాయించుకొనుడు. బొగ్గు క్రిములను చంపదు గనుక తరువాత క్లోరిను కలుపు ఏర్పాటును కూడ అందులో చేర్చుకొనుడు. తొట్టి వెలను ఒక్కసారి చెల్లింతుము. బొగ్గు వెలను దాని జీవితకాలమంతయు చెల్లించుచుండవలెను. ఆ రెండవ లెక్క తేలిన పిమ్మటనే పంచాయతీ తీర్మానము వ్రాయుట మేలని నా మనవి.