పిల్లలు తమను తామెందుకు గాయపరచుకుంటారు?

1961 మార్చిలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్ అనే మానసిక వైద్యశాలలో 17 ఏళ్ల అమ్మాయిని చేర్చారు. పదేపదే తనను తాను గాయపరచుకుంటోందని ఒంటరి గదిలో ఉంచారు. ఒక మంచం, ఒక కుర్చీ, ఊచల కిటికీ. స్కిజోఫ్రీనియా అన్నారు, షాకులిచ్చారు. 26 నెలల తర్వాత ఇంటికి పంపేనాటికీ ఆమె బాధ ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ అమ్మాయే మార్షా లైనహాన్. తర్వాత సియాటిల్‌లో మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలై, ఇలాంటివారి కోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించారు. చేతుల మీది పాత మచ్చలు చూసి, మీరూ మాలో ఒకరేనా అని ఒక రోగి అడిగారట. 2011లో అదే వైద్యశాలకు వెళ్లి తన కథను అందరి ముందూ చెప్పారు.

నలుగురి దృష్టిలో పడటానికే పిల్లలు తమను తాము గాయపరచుకుంటారన్న మాట ఇళ్లలోనూ స్టాఫ్‌రూముల్లోనూ తరచూ వినబడుతుంది. పరిశోధనలు అలా చెప్పడం లేదు. గాయపరచుకున్నవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: లోపల కమ్ముకున్న కోపం, సిగ్గు, భయం భరించలేక, కాసేపైనా తెరిపిన పడటానికి. ఇంకొందరు మొద్దుబారిపోయిన మనసుకు ఏదో ఒకటి తెలియాలని. ఆ ఊరట నిలవదు. కానీ ఒక్కసారి దొరికిందంటే, మళ్లీ అంత బాధ వచ్చినప్పుడు మనసు అటే లాగుతుంది. అలవాటు బిగుసుకునేది అక్కడే. ఎదుటివారికి తన బాధ తెలియజేయడానికి చేసేవాళ్లూ ఉన్నారు. మామూలు మాటలతో చెబితే వినేవాళ్లు లేకపోయారనే దానికి అర్థం.

కొందరు పుట్టుకతోనే ఉద్వేగం తీవ్రంగా ఉండేవాళ్లు. అలాంటి పిల్లల బాధను చుట్టూ ఉన్నవాళ్లు కొట్టిపారేస్తుంటే, దాన్ని ఎలా చల్లార్చుకోవాలో వాళ్లకు తెలియకుండా పోతుందంటారు లైనహాన్. "నీకేం తక్కువ చేశాం?", "ఇంతదానికే ఏడుపా?" తెలుగిళ్లలో ప్రేమతోనే అనే మాటలివి. మార్కులు తగ్గి హాస్టల్ నుంచి ఫోన్ చేసిన పిల్లకు ఆ క్షణాన తలుపు మూసుకున్నట్టే వినిపిస్తాయి.

ధైర్యమిచ్చే సంగతీ ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1,900 మందికి పైగా పిల్లలను యవ్వనం దాకా గమనించిన అధ్యయనం 2012లో వెలువడింది. కౌమారంలో సుమారు 8 శాతం మంది గాయపరచుకున్నారు. వాళ్లలో పదింట తొమ్మిదిమంది పెద్దయ్యాక మానేశారు. అలాగని ఊరుకోకూడదు. ఈ అలవాటున్నవారికి ఆత్మహత్య ముప్పు ఎక్కువ.

ఇలాంటి గాయం కనబడ్డప్పుడు ముందు దాని సంగతి చూడాలి, నిలదీయడం, ఒట్లు వేయించడం వద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలూ ఫోన్ చేయవచ్చు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులూ చేయవచ్చు.