ముద్రాబలము

పూర్వము మన యిండ్లకు రిజిస్టరు ఉత్తరము వచ్చినపుడు ఇంటిపెద్ద వెంటనే కవరు చింపెడివాడు కాడు. ముందుగా దానిని వెనుకకు త్రిప్పి లక్కముద్ర చెడకుండ ఉన్నదా యని చూచెడివాడు. ముద్ర సరిగా ఉన్నచో, లోపలి కాగితము పంపినవాని చేతినుండి నేరుగా తన చేతికి వచ్చినదని నమ్మకము. లక్కకు స్వతస్సిద్ధమైన బలమేమియు లేదు. చిన్నపిల్లవాడైనను దానిని గోటితో విఱువగలడు. విఱిచిన పిమ్మట పంపినవాని అచ్చు లేకుండ మరల అట్లే వేయజాలకపోవుటయే దాని బలము. నేటి మన ప్రసంగమున కంతకును మూలము ఈ లక్కముద్రయే.

ఈనాడు మన ధనము, దస్తావేజులు, ఆస్పత్రి కాగితములు, బంధువుల చిరునామాలు అన్నియు చేతిఫోనులోనికి చేరినవి. 2016వ సంవత్సరములో యూపీఐ పద్ధతి వచ్చిన తరువాత కూరగాయల బేరము సయితము ఫోనుమీదనే ముగియుచున్నది. ఈ పనులన్నింటిని చేయునవి యాప్‌లు. బ్యాంకు యాప్ మన చేతికి వచ్చులోపల ఎన్నో కంప్యూటర్ల గుండా ప్రయాణము చేయును. త్రోవలో ఎవడైనను దానిని విప్పి, లోపల తన పంక్తులు నాలుగు చేర్చి, మరల మూసి పంపినచో మన గతి యేమి? కావుననే ప్రతి యాప్‌కును ఒక ముద్ర కలదు.

ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ ఏర్పాటు ఎట్లున్నదో చూతము. యాప్ తయారుచేయువాడు ముందుగా ఒక జత తాళపుచెవులను సృష్టించుకొనును. అవి ఇనుపవి కావు, గొప్ప సంఖ్యలు. ఒకటి రహస్యము, దానిని అతడు ఎవరికిని చూపడు. రెండవది బహిరంగము, దానిని తన పేరుతో కూడిన సర్టిఫికేట్‌లో ఉంచి యాప్‌తోపాటే పంపును. రహస్యపు తాళపుచెవితో వేసిన ముద్రను బహిరంగపు తాళపుచెవితో ఎవరైనను పరీక్షింపవచ్చును గాని, దానితో క్రొత్త ముద్ర వేయజాలరు. ఒక యాప్‌ను తొలిసారి స్థాపించినపుడు ఫోను ఆ సర్టిఫికేట్‌ను గుర్తుంచుకొనును. తరువాత అదే పేరుతో క్రొత్త ప్రతి వచ్చినపుడు రెండు సర్టిఫికేట్లను పోల్చిచూచును. సరిపోలనిచో లోనికి రానీయదు. కనుక మన ఫోనులోనున్న అసలు బ్యాంకు యాప్‌పైన దొంగ యాప్‌ను తెచ్చి కూర్చుండబెట్టుట సాధ్యము కాదు.

అయితే యాప్ అనగా కోట్లకొలది అక్షరముల గ్రంథము వంటిది. అంత గ్రంథముపైన అక్షరమక్షరమునకు ముద్ర వేయుట భారమైన పని. అందువలన ముందుగా దానిని ఒక గణితయంత్రములో వేసి, నియమితమైన పొడవుగల ఒక సంఖ్యను రాబట్టుదురు. దీనిని హాష్ అందురు. ముద్ర పడునది ఈ హాష్ మీదనే. వేలిముద్రతో పోల్చి చెప్పిన ఇది సులభముగా బోధపడును. దస్తావేజుపైన మనిషిని మొత్తము అంటింపజాలము గనుక వ్రేలిగుర్తు తీసికొనుచున్నాము. వేలిముద్రల కార్యాలయము ప్రపంచమున మొట్టమొదట వెలసినది మన దేశముననే, 1897లో కలకత్తాయందు. ఒకరి వేలిముద్ర మరియొకరికి రాదను నమ్మకము మీదనే ఆ శాస్త్రమంతయు నిలిచినది. హాష్ విషయమును అంతియే. గ్రంథములో ఒక్క అక్షరము మార్చినను హాష్ గుర్తింపరాకుండ మారిపోవలెను. ఒకే హాష్ గల రెండు గ్రంథములను ఎవరును కల్పింపజాలకుండవలెను.

గ్రంథములు అనంతము, హాష్‌లు పరిమితము. కావున ఒకే హాష్ గల గ్రంథములు ఎక్కడనో ఉండకతప్పదు. వానిని వెదకి పట్టుకొనుట ఎంత కష్టమన్నదే ప్రశ్న. ఇక్కడ ఒక వినోదమైన లెక్క కలదు. ఒక పెండ్లిపందిరిలో మీ పుట్టినరోజే తన పుట్టినరోజైన మనిషిని వెదకుచున్నారనుకొనుడు. అట్టివాడు దొరకుటకు సగము అవకాశమైనను ఉండవలెనన్న 253 మంది ఉండవలెను. కాని, ఎవరైనను సరే, ఒకే పుట్టినరోజు గల ఇద్దరు కావలెనన్నచో 23 మంది చాలుదురు! హాష్‌ల విషయమునను ఇట్లే. ఫలానా గ్రంథమునకు సరిపోవు దొంగ గ్రంథమును కల్పించుట మిక్కిలి కష్టము. తనకు తోచిన రెండు గ్రంథములను ఒకే హాష్ వచ్చునట్లు కల్పించుట అంతకంటె చాల సులభము. మోసగాడు ఈ రెండవ త్రోవనే పట్టును. మంచి గ్రంథమును, చెడ్డ గ్రంథమును జతగా సిద్ధముచేసి, మంచిదానిని చూపి ముద్ర వేయించుకొని, ఆ ముద్రను చెడ్డదానికి అతికించును.

ఇట్లు జరుగునా యని సందేహింపనక్కరలేదు, జరిగినది. 1991లో అమెరికా దేశపు శాస్త్రవేత్త రొనాల్డ్ రివెస్ట్ ఎండీ5 అను హాష్‌ను రూపొందించెను. దాని పొడవు 128 బిట్లు. 2004లో చైనా గణితజ్ఞురాలు వాంగ్ షియావున్, ఆమె సహచరులు ఒకే ఎండీ5 హాష్ గల జతలను కల్పించి చూపిరి. 2008 డిసెంబరులో కొందరు పరిశోధకులు, పిల్లలాడుకొను ప్లేస్టేషన్ పెట్టెలు సుమారు 200 కలిపి లెక్కలు కట్టించి, ఇంటర్నెట్టులో ఏ స్థలము పేరిటనైనను నమ్మదగిన సర్టిఫికేట్ ఇయ్యగల దొంగ అధికారపత్రమును సృష్టించిరి. వారు హెచ్చరించుటకే ఆ పని చేసినారు. కాని 2012లో బయటపడిన ఫ్లేమ్ అను గూఢచారి ప్రోగ్రాము హెచ్చరికగా వచ్చినది కాదు. అది ఎండీ5 లోని ఈ లోపము నాధారము చేసికొని, మైక్రోసాఫ్ట్ సంస్థ ముద్ర గలదానివలె నటించి, విండోస్‌కు వచ్చు సవరణ రూపమున కంప్యూటర్లలో దూరినది.

ఎండీ5 తరువాతి తరమునకు చెందినది 1995 నాటి షా-1. దాని పొడవు 160 బిట్లు. 2005లోనే వాంగ్ షియావున్ బృందము దీనియందును బలహీనత కలదని చూపినది. అయినను లోకము త్వరపడలేదు. 2017 ఫిబ్రవరి 23వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని గణితసంస్థవారును గూగుల్ సంస్థవారును కలిసి, చూచుటకు వేరైనను షా-1 హాష్ ఒకటియేయైన రెండు పత్రములను ప్రకటించిరి. ఆ లెక్క ఒక్క యంత్రముపైన చేసినచో మొదటి భాగమునకు 6,500 ఏండ్లు, రెండవ భాగమునకు చిత్రయంత్రముపైన 110 ఏండ్లు పట్టునట. వేలకొలది యంత్రములను ఒకేసారి పూన్చుటచేత అది సాధ్యమైనది. ఇంతచేసినను, గ్రుడ్డిగా వెదకుటకంటె లక్షరెట్లు త్వరగా పని ముగిసినది. యంత్రముల వెల ఏటేట తగ్గుచుండగా, నేడు గొప్ప సంస్థలకు మాత్రమే చేతనైన పని రేపు ఒక ముఠాకు చేతనగును.

దీనికి ప్రత్యామ్నాయముగా షా-256 అప్పటికే సిద్ధముగా ఉన్నది. అమెరికా ప్రమాణముల సంస్థ దీనిని 2002లో ప్రమాణముగా స్వీకరించెను. ఇందు ఒకే హాష్ గల జతను గ్రుడ్డిగా వెదకవలెనన్న, 39 అంకెల సంఖ్య యన్ని మారులు లెక్క కట్టవలెను. అంతకంటె దగ్గరిత్రోవను ఇంతవరకు ఎవరును కనుగొనలేదు. ఆ సంస్థయే 2022 డిసెంబరులో, 2030 చివరినాటికి షా-1ను పూర్తిగా మానవలసినదని ప్రకటించెను.

ఆండ్రాయిడ్‌లో 2013 నాటి 4.3వ ప్రతినుండి షా-256తో యాప్ ముద్రలు వేయుటకు వీలు కలిగెను. కాని హాష్ గట్టిదైనంత మాత్రమున చాలదని కూడ అనుభవము నేర్పినది. పాత పద్ధతిలో యాప్‌లోని ప్రతి భాగమునకు విడివిడిగా ముద్ర పడెడిది. మొత్తము కట్టకు ముద్ర లేదు. ప్రతి కాగితముపైన సంతకముండియు సంచి మూతికి ముద్ర లేనట్లు! 2013లో ఒకే పేరుగల రెండు భాగములను లోపల పెట్టి, ఒకదానిని పరీక్షకు చూపి, మరియొకదానిని నడపించు మోసము బయటపడెను. 2017లో, ముద్ర చెడకుండనే యాప్ ముందు దొంగ భాగమును అతికింపవచ్చునని తేలెను. 2016లో వచ్చిన 7.0వ ప్రతిలోని క్రొత్త పద్ధతి యాప్ మొత్తమును ఒక్కటిగా తీసికొని ముద్ర వేయును. అందువలన ఆ రెండు త్రోవలును మూసికొనిపోయినవి. 2018 నాటి 9వ ప్రతినుండి, తయారీదారు తన పాత తాళపుచెవిని సక్రమముగా మార్చుకొనుటకును వీలు కలిగినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడుచుండును. ‘మేము సర్టిఫికేట్ యొక్క షా-1 హాష్‌ను గుర్తింపునకు మాత్రమే వాడుచున్నాము. ఫలానా సర్టిఫికేట్‌కు సరిపోవు దొంగ సర్టిఫికేట్‌ను ఇంతవరకు ఎవరును కల్పింపలేదు గదా! మార్చుట యెందులకు?’ అని కొందరు నిపుణు లందురు. ఆ మాట అసత్యము కాదు. పెండ్లిపందిరి లెక్కలో అది 253 మంది ప్రశ్నయే గాని 23 మంది ప్రశ్న కాదు. కాని ఎండీ5 కథను చూడుడు. మొదట సిద్ధాంతము, పిదప ప్రదర్శనము, ఆ పిదప దోపిడి. గోడ బీటవారినదని తెలిసియు, కూలలేదు గదా యని దానిక్రింద పండుకొనుట వివేకము కాదు. అదియుగాక నేడు షా-256 వాడుట వలన కలుగు అధికశ్రమ అత్యల్పము. బాగుచేయుటకు తీరిక యున్నపుడే బాగుచేయవలెను.

యాప్ తన బ్యాంకుతో సంభాషించునపుడును ఈ హాష్ పనికివచ్చును. ఎదుటనున్నది నిజముగా బ్యాంకేనా యని సర్టిఫికేట్‌ను చూచి తెలిసికొనును. ఆ సర్టిఫికేట్ ఇచ్చు సంస్థలోనే దొంగలు పడిన ఏమగును? 2011లో హాలండు దేశపు డిజినోటార్ సంస్థకు ఆ ఆపద వచ్చినది. 500కు పైగా దొంగ సర్టిఫికేట్లు పుట్టినవి. గూగుల్ పేరిట పుట్టినదానిని ఇరాను ప్రజల ఉత్తరములు చదువుటకు వాడినారు. క్రోమ్ బ్రౌజరు గూగుల్ తాళపుచెవుల గుర్తులను ముందే తనలో దాచుకొనియుండుట చేత ఈ మోసము పట్టుబడినది. సంస్థ దివాలా తీసినది. నేడు కొన్ని యాప్‌లు ఈ ఉపాయమునే అవలంబించి, తమ సర్వరు తాళపుచెవియొక్క షా-256 హాష్‌ను లోపల ఉంచుకొనుచున్నవి. అయితే అదనపు గుర్తు ఒకటి కూడ ఉంచనిచో, తాళపుచెవి మారిననాడు యాప్ తన యజమానినే గుర్తింపక తలుపు మూసికొనును.

ఇంత చెప్పిన పిమ్మట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా బంధువులలో విశ్రాంత ఉపాధ్యాయు డొకరున్నారు. బండికి చలానా పడినదని ఒకనాడు ఆయన ఫోనుకు సందేశము వచ్చినది. దానితో ఒక ఫైలు. ఆయనకు బండి లేదు. కుమారునిది కావచ్చునని తెరచినారు. అది ఒక యాప్. సందేశములు చదువుటకు అనుమతి అడిగినది, ఇచ్చినారు. బ్యాంకునుండి వచ్చిన ఓటీపీలు ఆయన చదువక మునుపే దొంగలకు చేరినవి. ఆ నెల పింఛను పోయినది. తరువాత మేము ఆ ఫైలును పరీక్ష చేయించితిమి. దానికి ముద్ర ఉన్నది, షా-256 హాష్ ఉన్నది, అన్నియు సక్రమముగా ఉన్నవి. ముద్ర వేసినవాడే దొంగ!

ఆయన మమ్ము అడిగిన ప్రశ్న మాకు నేటికిని గుర్తున్నది. ‘ఇన్ని తాళములు కనిపెట్టినవారు నన్నేల కాపాడలేదు?’ అన్నారు. ముద్ర రెండు సంగతులే చెప్పును: త్రోవలో సరకు మారలేదని, మునుపు పంపినవాడే ఇప్పుడును పంపినాడని. పంపినవాడు మంచివాడని అది చెప్పదు. తయారీదారు వేయు ముద్ర గట్టిదై యుండవలెను, అది వారి ధర్మము. ఎవరి ముద్ర గల సరకును ఇంటిలోనికి రానీయవలెనో నిర్ణయించుకొనుట మన ధర్మము.

కాబట్టి గృహస్థులకు మేము మనవి చేయునవి కొలదియే. సందేశములో వచ్చిన ఫైలునుండి యాప్‌ను స్థాపింపకుడు. చలానా యనినను, పెండ్లిపిలుపు అనినను, బ్యాంకు నోటీసు అనినను అంతే. యాప్‌లను ఫోనులోని అధికారిక అంగడినుండియే తీసికొనుడు. సవరణలు వచ్చినపుడు వాయిదా వేయకుడు. బలహీనమైన ముద్రల స్థానమున గట్టి ముద్రలు మన యింటికి చేరు త్రోవ అదియే. సవరణలు రావడము మానిన పాత ఫోనును తాతగారికి ఇచ్చినపుడు, దానిలో బ్యాంకు యాప్ ఉంచకుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930కి ఫోను చేయుడు. తొలి గంటలలో చెప్పిన డబ్బును త్రోవలో ఆపుటకు అవకాశ మెక్కువ.

మా బంధువు ఆలస్యముగా చెప్పినారు. ఇప్పుడు ఆయన ప్రతి సందేశమును మనుమరాలికి చూపి గాని తెరువరు. రిజిస్టరు ఉత్తరమును వెనుకకు త్రిప్పి చూచిన వెనుకటి అలవాటు మరల వచ్చినదని నవ్వుచు చెప్పుచుందురు.