సెల్ఫ్ ఒకసారి పలికి ఒకసారి పలకదెందుకు?

ముహూర్తాల రోజుల్లో ద్వారకా తిరుమల కొండ మీద, పెళ్లివారి సామాను దించిన పాత పికప్‌లు కొన్ని కావాలనే వాలులో ఆపి ఉంటాయి, చక్రం కింద రాయి పెట్టి. సెల్ఫ్ పలక్కపోతే రాయి తీసి, దొర్లించి, గేరులో వేసి స్టార్ట్ చేసుకోవచ్చని. ఆ పని మానండి. ఇంజను తిరగని బండికి బ్రేకు బూస్టర్ బలం రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, ఎదురుగా జనం.

ఈ జబ్బు తీరే చిత్రం. పొద్దున భీమడోలులో తాళం తిప్పగానే అందుకుంటుంది. కొండెక్కి ఆపాక 'టక్'మని ఊరుకుంటుంది. మెకానిక్ ముందు మళ్లీ బుద్ధిగా పలుకుతుంది. ఆయనేం చేస్తాడు పాపం, బ్యాటరీ మార్చమంటాడు.

ముందు చెవి పెట్టి వినండి. సెల్ఫ్ తిరుగుతూనే ఇంజను అందుకోకపోతే చూడాల్సింది డీజిల్ దారి. పైపు జాయింట్ గాలి పీలుస్తూ ఉండొచ్చు. దాని సంగతి ఇవాళ వదిలేద్దాం. సెల్ఫే తిరగకపోతే మాత్రం నేను మొదట అనుమానించేది తీగల్ని.

"లైట్లు బాగానే వెలుగుతున్నాయండీ, కరెంటు ఉన్నట్టే కదా" అంటారు. రెండు హెడ్‌లైట్లకు 10 ఆంపియర్లు చాలు. డీజిల్ బండి సెల్ఫ్ మోటారు 200 దాకా లాగుతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర తుప్పు ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డుపడిందనుకోండి, లైట్లకు తగ్గేది వోల్టులో పదో వంతు, కంటికి తెలియదు. సెల్ఫ్‌కు వచ్చేసరికి అదే తుప్పు 2 వోల్టులు మింగేస్తుంది. గుర్రపుడెక్క అడ్డుపడిన తూము ఒక మడి తడుపుతుంది గానీ ఆయకట్టుకు నీళ్లివ్వదు.

మన వైపు ఈ తుప్పుకు కొదవ లేదు. కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి చేపల ట్రేలు మోసే బండిలో ఐసు కరిగిన నీళ్లు ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి, చక్రాలు చిమ్మే బురద సరేసరి. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్త్ పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది. బోల్టు విప్పితే వాషరు కింద ఎర్రటి పొడి రాలుతుంది.

దీన్ని పట్టడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. కొన్ని గంటలు ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. కానీ అసలు పరీక్ష బండి మొరాయిస్తున్నప్పుడే చేయాలి. న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒకరిని తాళం తిప్పమనండి. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ సీసపు పోస్టు మీద పెట్టండి, క్లాంపు మీద కాదు. రెండోది ఇంజను ఇనుము మీద. అర వోల్టు దాటిందా, దోషం ఎర్త్ దారిలో ఉంది. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా కూడా అలాగే చూడండి. రెండు చోట్లా ఏమీ చూపకుండా 'టక్'మంటుంటే సోలెనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి) లోపలి కాంటాక్టులో, కార్బన్ బ్రష్‌లో అరిగి ఉంటాయి. తాళం తిప్పగానే బ్యాటరీ మీదే 9.6 కన్నా కిందికి పడిపోతే, అప్పుడు బ్యాటరీని అనండి.

మరి కొండెక్కాకే ఎందుకు? రాగి వేడెక్కితే ప్రతి 10 డిగ్రీలకు దాని నిరోధం సుమారు 4 శాతం పెరుగుతుంది. ఎక్కి ఆపిన బండికి గాలి ఆడదు, ఇంజను వేడంతా పక్కనున్న సోలెనాయిడ్‌కు ఎక్కుతుంది. 60 డిగ్రీలు పెరిగితే దాని చుట్టకు కరెంటు దాదాపు అయిదో వంతు తగ్గిపోతుంది. తీగల్లో అప్పటికే లోపం ఉంటే ఆ తగ్గుదల చాలు. దర్శనం చేసుకుని వచ్చేసరికి పలికిందంటే స్వామి దయే, కాదనను; ఈలోగా సోలెనాయిడ్ చల్లారిన మాటా నిజమే.

శుభ్రం చేసేటప్పుడు ముందు మైనస్ విప్పండి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించండి. బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లపొడిని వంటసోడా నీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. బీడీ దూరంగా పెట్టండి, బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. అయ్యాక బండిని కాసేపు తిప్పి, వేడి మీద అదే మీటరు మళ్లీ పెట్టండి. చల్లటి బండి మీద చేసిన పరీక్షకు నేను మార్కులు వేయను.