ఉపదేశి భార్యకూ ఒక పలక



క్రైస్తవ సంఘాలలో శిష్యులనూ, నాయకులనూ, సువార్త సేవకులనూ ఎలా తయారుచేస్తారన్నది ఈవేళ నేను మాట్లాడబోయే విషయం. ఈ మాట వినగానే, "ఇది చర్చికి వెళ్ళేవాళ్ళ సంగతి, మనకెందుకులే" అని కొందరు పొయ్యి మీద ఏముందో చూసుకోవడానికి లేవబోతారు. కాస్త కూర్చోండమ్మా. ఇందులో బైబిలు ఎంత ఉందో, మన ఇల్లు అంత ఉంది. ఏ మతంలో పుట్టిన ఇల్లాలికైనా పనికివచ్చే సంగతి ఒకటి ఇందులో ఉంది.

మిషనరీ అనగానే మన కళ్ళ ముందు ఎవరు మెదులుతారు? నెత్తిన టోపీ పెట్టుకుని, గుర్రం మీదో గూడుబండిలోనో వచ్చిన దొరగారు. అలాంటివారు వచ్చిన మాట నిజమే. కాని తెలుగు పల్లెల్లో ఆ పని నిలబడింది వాళ్ళ చేతుల మీద కాదు. బడి చెప్పి, ప్రార్థన చేయించి, జబ్బు చేస్తే మందిచ్చి, చావుకీ పెళ్ళికీ తోడు నిలిచినవాడు ఊళ్ళోని ఉపదేశి. జీతం కొద్దిపాటిది. ఇల్లు తాటాకు గుడిసె. ఆ ఉపదేశిని తయారుచేసినదెవరు, ఎలా? అసలు కథ అక్కడ ఉంది.

విజయవాడ నుంచి కాజీపేట వైపు రైలులో వెళ్ళినవారికి డోర్నకల్ జంక్షన్ తెలిసే ఉంటుంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలోని ఒక మారుమూల, చుట్టూ అడవి. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమలో తాము చందాలు వేసుకుని ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. పని చేయడానికి ఎంచుకున్న చోటు తెలుగువారి డోర్నకల్. ఆ సంఘం స్థాపనలో ముందు నిలిచిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో తానే ఇక్కడికి వచ్చారు. ఆయన మాతృభాష తమిళం. మూడు పదులు దాటిన వయసులో తెలుగు నేర్చుకుని, తెలుగులోనే ప్రసంగాలు చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే.

అక్కడ ఆయన ముందు ఉన్నవారెవరు? చాలామంది ఊరికి దూరంగా, వెలివాడల్లో బతికే కూలి జనం. అక్షరం ముక్క రాదు. ఊరి బావి దగ్గరికి రానివ్వరు. వాళ్ళలోంచే గురువులూ, ఉపదేశులూ, సంఘపెద్దలూ రావాలని ఆయన పట్టుదల. బయటినుంచి ఎంతమందిని తెచ్చి పెట్టినా, వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు పని ఆగిపోతుందని ఆయనకు తెలుసు.

అందుకే డోర్నకల్లో ఒక వేదపాఠశాల పెట్టారు. ఆ పాఠశాలకు చదువుకోవడానికి మగవాడు ఒంటరిగా రాడు. భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చేవాడు. పెద్ద హాస్టలు కట్టి, బల్లలూ కుర్చీలూ వేయలేదు. పల్లెలో ఉండే ఇళ్ళలాంటి చిన్న ఇళ్ళలోనే కాపురాలు. చదువుతోపాటు పొలం పనీ, చేతి పనీ చేసుకోవాలి. రేపు పల్లెలో ఎలా బతకాలో ఇక్కడ అలాగే బతకాలి. పట్నపు అలవాట్లు మరిగినవాడు మళ్ళీ గుడిసెలో ఇమడలేడు కదండీ!

మొగుడు పాఠానికి వెళితే పెళ్ళాం ఇంట్లో వంట చేసుకుంటూ కూర్చునేది కాదు. ఆమెకూ పలక ఇచ్చారు. చదవడం, రాయడం, ప్రార్థన చెప్పడం, కీర్తనలు పాడటం, పిల్లల పెంపకం, శుభ్రత అన్నీ ఆమెకూ పాఠాలే. అజరయ్య గారి భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఈ స్త్రీల కోసం పాటుపడ్డారు. దక్షిణ దేశంలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. అంత చదివిన ఆవిడ అడవి పక్క ఊరికి వచ్చి, చంకలో బిడ్డతో వచ్చిన కూలి స్త్రీల మధ్య కూర్చున్నారంటే, ఆ ఓపిక ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

ఇలా ఎందుకు చేశారు? ఉపదేశి పని పగటిపూట బడితో అయిపోయేది కాదు. పొలం నుంచి కూలివాళ్ళు ఇల్లు చేరేదే చీకటి పడ్డాక. అప్పుడు లాంతరు వెలిగించుకుని పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం ఒక్కొక్క ముక్కగా నోటికి నేర్పాలి. మగవాళ్ళు వచ్చి వింటారు, సరే. మరి ఆడవాళ్ళు? వాళ్ళకు ఎవరు చెబుతారు? పిల్లవాడికి జ్వరమొస్తే మంత్రగాడి దగ్గరికి వెళ్ళాలా, ఆసుపత్రికి వెళ్ళాలా అని అడగడానికి ఏ తల్లి అయినా పంతులుగారి దగ్గరికి పోతుందా? పంతులమ్మ దగ్గరికే పోతుంది. ఆ పంతులమ్మకే ఏమీ తెలియకపోతే, పంతులు రాత్రి చెప్పిన పాఠం తెల్లవారేసరికి ఆవిరే.

అజరయ్య గారు పల్లెలను పట్టి పీడించే నాలుగు దయ్యాల గురించి చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ ఎక్కడ కాపురం ఉంటాయో చూడండి. గుడిలో కాదు, బడిలో కాదు, ఇంట్లో! వాటితో పోట్లాడవలసింది ఎవరు? ఇల్లాలే. ఆమె చేతికి ఆయుధం ఇవ్వకుండా మగవాడికి ఒక్కడికే శిక్షణ ఇస్తే సగం సైన్యంతో యుద్ధానికి వెళ్ళినట్టే.

ఆయన పద్ధతి ఇంకొకటి ఉంది. బాప్తిస్మం పొందినవారిని తమ చెయ్యి తమ తలమీద తామే పెట్టుకుని, "నాకు దొరికిన శుభవార్తను ఇంకొకరికి చెప్పకుండా ఉండను" అన్న అర్థం వచ్చే మాట పలకమనేవారు. నిన్న మొన్న నేర్చుకున్న కూలి స్త్రీ కూడా ఈ రోజే ఇంకొకరికి నేర్పాలి. "నేను పూర్తిగా చదువుకున్నాక చెబుతానులే" అంటే కుదరదు. శిష్యరికం అంటే అదే. విన్నది దాచుకోవడం కాదు, అందించడం. అక్షరాలు రానివారికి పాటే పుస్తకమైంది. తెలుగు బాణీల్లో కట్టిన కీర్తనలు, భజనలు ఆడవాళ్ళు పొలంలో, తిరగలి దగ్గర పాడుకుంటూ పాఠం మొత్తం కంఠస్థం చేసేవారు.

1935 నాటికి ఆయన అధ్యక్ష మండలంలో 250 మంది భారతీయ గురువులూ, 2,000 మందికి పైగా గ్రామ ఉపాధ్యాయులూ పనిచేస్తున్నారు. ఈ అంకెలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ఉపాధ్యాయులకు వండి పెట్టి, వాళ్ళు పొరుగూరు వెళ్ళిన రోజున ప్రార్థన తామే జరిపించి, వాడలోని ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన ఇల్లాళ్ళెందరో? వాళ్ళ లెక్క ఎవరు రాశారు?

డోర్నకల్ ఒక్కటే కాదు. అంతకు చాలా ముందే, నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య సముద్రపు ఒడ్డున ఉన్న రామాయపట్నంలో అమెరికన్ బాప్టిస్టులు పెట్టిన సెమినరీలోనూ విద్యార్థులతోపాటు భార్యలు చదువుకున్నారు. తునిలో, రాజమండ్రిలో స్త్రీల కోసమే బైబిలు శిక్షణ పాఠశాలలు వెలిశాయి. అక్కడ తయారైనవారే బైబిలు స్త్రీలు. వాళ్ళలో చాలామంది వితంతువులు. లోకం మూలన కూర్చోమన్నవాళ్ళు చేతిసంచిలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిరిగారు. మగ బోధకుడు గడప తొక్కలేని ఘోషా ఇళ్ళలోకి వెళ్ళి, అక్కడి అమ్మలకు చదువూ, కుట్టుపనీ చెప్పారు. చదువుకున్న అమ్మలందరూ మతం మారలేదు. కాని అక్షరం మాత్రం వాళ్ళ దగ్గర ఉండిపోయింది.

మతమార్పిడి విషయంలో అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. 1930లలో గాంధీగారే సామూహిక మతమార్పిడులను గట్టిగా ఆక్షేపించారు. అజరయ్య గారు అంత గట్టిగానూ జవాబు చెప్పారు. ఆ వాదం తేల్చడానికి నేను రాలేదు. కాని ఊరి బావి దగ్గరికి పోలేని స్త్రీ చేతికి పలక అందడం చిన్న విషయమని మాత్రం నేను అనలేను.

లోపం మరొక చోట ఉంది. ఇంత చేసిన స్త్రీకి ఉపదేశి భార్య అన్న పేరే మిగిలింది. జీతం ఆయనది, పీఠం ఆయనది. నేర్పు ఇచ్చారు గాని, అధికారం ఇవ్వడానికి చాలా ఏళ్ళు తీసుకున్నారు. 1964లో రాజమండ్రిలో ఏర్పడి, తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి చోట్ల ఇప్పుడు స్త్రీలు కూడా వేదాంతం చదువుతున్నారు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి స్త్రీ బిషప్పు మన తెలుగావిడే! ఆ రోజు ఆ పీఠం దాకా వేసిన మెట్లలో మొదటి మెట్టు, పేరు తెలియని ఏ ఉపదేశి భార్యో పలక మీద దిద్దిన "అ" అని నాకనిపిస్తుంది.

ఇక మన సంగతి. నాయకత్వ శిక్షణ అంటే ఈ రోజుల్లో పెద్ద హోటలులో మూడు రోజుల సదస్సు, మెడలో బిళ్ళ, చివర ఒక సర్టిఫికెట్టు అనుకుంటున్నాం. మగవాళ్ళు వెళ్ళి వస్తారు, సంచీ మనకిస్తారు. వాళ్ళేం నేర్చుకున్నారో మనకు తెలియదు, మనమూ అడగం. ఈసారి అడగండి. "నాకూ చెప్పండి" అనండి. చెప్పలేకపోయారా, ఆయనకూ అది రాలేదన్నమాట.

రెండో మాట. మీకు వచ్చినదాన్ని పూర్తిగా వచ్చేదాకా దాచుకోకండి. బ్యాంకు కాగితం నింపడం వచ్చా? మీ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికి నేర్పండి. ఆమెను ఇంకొకరికి నేర్పమనండి. ఆ రెండో షరతు మరచిపోకండి, బలమంతా అందులోనే ఉంది.

మూడోది, నేర్పేటప్పుడు ఆమె ఉండే చోటికి మీరు దిగండి. ఆమెను మీలా మార్చాలని చూడకండి. తమిళం మాట్లాడే ఆయన తెలుగు నేర్చుకుని మాట్లాడినట్టు, మనం కూడా ఎదుటివారి మాటలో మాట్లాడటం నేర్చుకుంటే చాలు.

పలక ఖరీదు ఎంతమ్మా? ఇవ్వాలన్న మనసే కావాలి. సెలవు.