మన ఆటపాటల లెక్క మనమే చూద్దాం

(ఆదివాసీ యువతీ యువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం వింటే ఆఫీసు పనిలా ఉంటుంది. కళా, సాంస్కృతిక ప్రాజెక్టుల ప్రభావాన్ని అంచనా వేయడం ఎలా? “మనం ఆడతాం, పాడతాం. లెక్కలు వాళ్లు చూసుకుంటారు, మనకెందుకు?” అని మీలో కొందరికి అనిపించొచ్చు. లెక్కలు వాళ్లొక్కరే చూసుకోవడం దగ్గరే అసలు చిక్కు ఉంది. గుస్సాడీ పేరు మీద, కోయ డోలు పేరు మీద, థింసా పేరు మీద, సవర బొమ్మల పేరు మీద డబ్బు ఖర్చవుతుంది. చివర్లో ఎవరో ఒకరు రిపోర్టులో “కార్యక్రమం విజయవంతం” అని రాస్తారు. వచ్చే ఏడాది డబ్బు ఎటు పోవాలో, ఏ పని ఆగిపోవాలో ఆ మాటను బట్టే తేలుతుంది. మరి ఆ మాట రాసేముందు గూడెంలో ఎవరినైనా అడిగారా?

ముందు మూడు సంగతులు విడదీసి చూద్దాం. ఇరవై మంది పిల్లలకు పది రోజులు డోలు నేర్పారు అనుకోండి. అది చేసిన పని. వాళ్లలో ఆరుగురు ఆ ఏడు పండుగలో పెద్దల పక్కన నిలబడి వాయించారు. అది వచ్చిన మార్పు. ప్రాజెక్టు వాళ్లు వెళ్లిపోయిన మూడేళ్లకు ఆ ఆరుగురిలో ఇద్దరు తమ చిన్న తమ్ముళ్లకు నేర్పుతున్నారు. అది నిలిచిన మార్పు. చాలా రిపోర్టులు మొదటి దాని దగ్గరే ఆగిపోతాయి. హాజరు పట్టీ, ఫోటోలు, భోజనం బిల్లులు ఉంటే చాలు, దాన్ని చూపించడం తేలిక. మిగతా రెండూ తెలియాలంటే మళ్లీ గూడెం రావాలి, కూర్చోవాలి, వినాలి.

దండారీ సంగతే తీసుకుందాం. దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకుని, దీక్ష పట్టి ఆడతారు. ఒక గూడెం దండారీ ఇంకో గూడేనికి అతిథిగా పోతుంది. అక్కడ మర్యాదలు జరుగుతాయి, చుట్టరికాలు గట్టిపడతాయి, రాత్రంతా ఆట సాగుతుంది. అదే గుస్సాడీని పట్నంలో స్టేజీ మీద పది నిమిషాలు ఆడిస్తే చప్పట్లు వస్తాయి. స్టేజీ తప్పని నేను అనడం లేదు. కళాకారుడికి నాలుగు రూపాయలు వస్తాయి, మన పేరు పదిమందికీ తెలుస్తుంది. కానీ “గుస్సాడీ బతికిందా” అనే ప్రశ్నకు స్టేజీల సంఖ్య జవాబు కాదు. ఈ ఏడు ఎన్ని దండారీలు బయల్దేరాయి? ఎన్ని గూడేలకు పోయాయి? కొత్తగా ఎంతమంది కుర్రాళ్లు దీక్ష పట్టారు? పెప్రె ఊదేవాళ్లు, తుడుం కొట్టేవాళ్లు గూడెంలోనే దొరికారా, బయటి నుంచి పిలిపించారా? జవాబు ఈ ప్రశ్నల్లో ఉంది.

అవార్డుల సంగతీ అంతే. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. మనందరికీ గర్వకారణం. కనకరాజు గారు 2024లో మనల్ని విడిచిపోయారు, రామచంద్రయ్య గారూ ఇప్పుడు మన మధ్య లేరు. ఒక్కో పెద్దాయన పోయినప్పుడు ఆయన దగ్గరున్న కథలు, దరువులు ఎవరి చేతికి వచ్చాయన్నదే మనం లెక్క తీయాల్సింది. 2003లో యునెస్కో నిపుణులు ఒక భాష ఎంత బలంగా ఉందో చూడడానికి తొమ్మిది కొలతలు చెప్పారు. ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతోందా లేదా అన్నది వాటిలో మొదటిది. కళకూ అదే ముఖ్యమైన కొలత.

గుంజాల గోండి లిపి చూడండి. గుంజాల గూడెంలోని పాత రాతప్రతుల నుంచి వెలుగులోకి వచ్చి, 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో ఆ అక్షరాలకు చోటు దొరికింది. పెద్ద పనే. ఆ తర్వాత అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మీ గూడెంలో ఎంతమంది పిల్లలు ఆ లిపిలో తమ పేరు రాస్తారు? బడిలో ఆ లిపి పుస్తకం ఉందా? ఉంటే ఎవరైనా తెరిచి చదువుతున్నారా? తలుపు తెరవడం ఒకటి, లోపలికి నడవడం ఇంకొకటి.

ఇంకో జాగ్రత్త ఉంది. 1997లో బ్రిటన్‌లో ఫ్రాన్స్వా మాతరాసో అనే ఆయన, కళా కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లను అడిగి, యాభై రకాల సామాజిక ప్రయోజనాలు ఉన్నాయని పుస్తకం రాశారు. చాలా ప్రభుత్వ ఆఫీసులకు నచ్చింది. 2002లో పావోలా మెర్లి అనే పరిశోధకురాలు దాన్ని గట్టిగా ప్రశ్నించారు. ముందు పరిస్థితితో పోల్చకుండా, పాల్గొనని వాళ్లతో పోల్చకుండా మార్పు వచ్చిందని ఎలా చెప్తారన్నది ఆమె ప్రశ్న. మనకూ ఇది పాఠం. పని అయిపోయాక “బాగుందా?” అని అడిగితే, భోజనం పెట్టినవాళ్లకు మనవాళ్లు “బాగుంది” అనే అంటారు, అది మన మర్యాద. అందుకే మొదటి రోజే లెక్క రాసి పెట్టుకోవాలి. పాటలు వచ్చిన పెద్దలు ఎందరు, నేర్చుకుంటున్న వాళ్లు ఎందరు, ఏ పండుగలో ఏవి పాడుతున్నారు. ఒక్క నోటుబుక్కు చాలు.

అలాగని అంకెలే సరిపోవు. 1990ల్లో బంగ్లాదేశ్‌లో రిక్ డేవిస్ ఒక పద్ధతి తయారుచేశారు. ముందే కొలతలు పెట్టుకోకుండా, “ఈ కొన్ని నెలల్లో మీకు అన్నిటికన్నా పెద్దదిగా అనిపించిన మార్పు ఏంటి? ఎందుకు పెద్దదనిపించింది?” అని జనాన్ని అడుగుతారు. వచ్చిన కథల్ని అందరూ కూర్చుని విని, ఏది ముఖ్యమో, ఎందుకో వాదించుకుని తేలుస్తారు. కథ చెప్పుకోవడం, చెట్టు కింద కూర్చుని తేల్చుకోవడం మనకు కొత్తా? కాగితం రాయడం రాని అవ్వ కూడా ఇందులో మాట్లాడగలదు. అయితే అదే కూర్చోవడంలో “ఏం చెడిపోయింది?” అని కూడా అడగాలి. అన్నదమ్ముల మధ్య డబ్బు గొడవ వచ్చిందా? ఆడవాళ్ల పాటలు వదిలేసి మగవాళ్ల ఆటనే ఫోటో తీశారా? పేన్ దగ్గర మాత్రమే పాడాల్సింది వీడియోలో పెట్టారా? ఏది రికార్డు చేయాలి, ఏది చేయకూడదన్నది గూడెం చెప్పాలి.

మార్పు కనబడితే “అంతా మావల్లే” అని ఎవరూ అనకూడదు, మన సంఘాలైనా సరే. పిల్ల గోండిలో పాట పాడిందంటే వాళ్ల అవ్వ ఉంది, జాతర ఉంది, టీచర్ ఉన్నాడు, ఫోన్ ఉంది. ప్రాజెక్టు తోడ్పడింది అంటే నిజాయితీ. సభకు వచ్చిన జనం, వీడియోకు పడిన లైకులు చూసి మన పనిని మనం మెచ్చుకోవడమూ అదే కోవలోకి వస్తుంది. వాళ్లను అడిగే ప్రశ్నలే మనల్నీ అడగాలి.

చివరగా హక్కు గురించి. 1996 పెసా చట్టం ప్రకారం మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉంది. అభివృద్ధి పథకాలు మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదం కావాలి. ఆ పథకాల కింద పంచాయతీ ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే. రోడ్డు డబ్బుకు లెక్క అడిగే సభ, పాట పేరుతో వచ్చిన డబ్బుకు ఎందుకు అడగకూడదు? వచ్చిన సంస్థ ఏదైనా, తన రిపోర్టును గోండిలోనో, కోయలోనో, కొలామిలోనో సభలో చదివి వినిపించమని అడుగుదాం. వాళ్లు రాసింది నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

ఇంటికి పోయాక ఒక పని చేయండి. మీ గూడెంలో గత రెండు మూడేళ్లలో ఆట, పాట, బొమ్మ, చేతిపని పేరుతో జరిగిన కార్యక్రమం ఒకటి ఎంచుకోండి. ఈ ఐదూ అడగండి. ఎవరు కోరితే వచ్చింది? ముందు ఎలా ఉండేది? డబ్బు ఎవరెవరి చేతికి ఎంత అందింది? ఇప్పుడు ఎవరు ఎవరికి నేర్పుతున్నారు? ఏం నష్టపోయాం? జవాబులు రాయండి, గ్రామసభలో చదవండి. బాగా జరిగినదైతే మళ్లీ కావాలని అడగడానికి అదే ఆధారం. జరగనిదైతే వద్దని చెప్పడానికీ అదే ఆధారం.