లారీ ఇంజనులో జారిపడే పిన్ను
(వర్ధన్నపేట రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మీ సమావేశములలో విత్తనములను గురించి, ఎరువులను గురించి చెప్పినవారే ఎక్కువ. ఈ పూట నేను లారీని గురించి చెప్పదలచినాను. మన వర్ధన్నపేట వరంగల్లు నుండి ఖమ్మం పోయే రహదారి మీద ఉన్నది. వడ్లు గాని, పత్తి గాని, మక్కలు గాని ఎనుమాముల మార్కెట్టుకు ఎత్తవలెనన్న బండి కావలెను. కోతల దినములలో కిరాయి బండి కోసం కళ్ళు కాయలు కాచేటట్లు చూచుట కన్న, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పాత లారీ కొనుట మేలని తలచేవారు మీలో ఉన్నారు. తలంపు మంచిదే. కాని కొనేటప్పుడు టైర్లు చూచెదరు, కాగితములు చూచెదరు, ఇంజను స్టార్టు చేయించి పొగ రంగు చూచెదరు. ఫిట్‌నెస్ తనిఖీలో బ్రేకులు, దీపములు చూచెదరు గాని ఇంజను మూత విప్పి చూడరు. నేను చెప్పబోయేది ఆ మూత లోపలి సంగతి.

ముందుగా ఏ ఇంజనో తెలుసుకొనవలెను. కమ్మిన్స్ వారి బి వరుస ఇంజను అమెరికాలో 1984లో వచ్చినది. అందులో 6 సిలిండర్లు, 5.9 లీటర్ల పరిమాణము గలది సిక్స్ బి.టి. దానిని 1989 మోడలు మొదలు అక్కడి డాడ్జ్ పికప్ బండ్లలో పెట్టినారు. 1993లో టాటా, కమ్మిన్స్ కంపెనీలు ఉమ్మడి సంస్థ నెలకొల్పి, తరువాత జంషెడ్‌పూరులో ఈ వంశపు ఇంజనులనే తయారుచేసినవి. 1613 టి.సి. వంటి టాటా లారీలలో ఉన్నది ఈ వంశమే. కనుక ఇంజను మీది రేకు చదివించి, పాత పద్ధతి ఇంజెక్షన్ పంపు గల సిక్స్ బి.టి. అయితేనే ఈ మాట పట్టించుకొనుడు. మీది లేలాండో, అంతకు ముందటి టాటా బండో అయితే దీనిని పొరుగువానికి చెప్పుడు.

ఇంజను ముందు భాగమున టైమింగ్ గేర్లు ఉండును. క్రాంకు షాఫ్టు తిరిగితే ఆ గేర్ల ద్వారానే కామ్ షాఫ్టు, ఇంజెక్షన్ పంపు తిరుగును. ఈ గేర్లున్న పెట్టె అల్యూమినియముది. అది బీడు బ్లాకుకు సరియైన చోట కూర్చొనుటకై ఉక్కు పిన్ను ఒకటి పెట్టినారు. దానినే డోవెల్ పిన్ను అందురు. పొడవు వేలి కణుపంత. దానిని రంధ్రములోనికి బిగువుగా దిగగొట్టినారే గాని, ముందుకు జారకుండ ఆపునది ఏదియు పెట్టలేదు. అల్యూమినియము వేడికి బీడు కన్న రమారమి రెట్టింపు వ్యాకోచించును. ఏండ్ల తరబడి వేడెక్కి చల్లారుట, ఆపై డీజిలు ఇంజను అదురు. ఈ రెండింటి చేత పిన్ను వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా బయటికి వచ్చును.

ఎడ్లబండి ఇరుసు చీల ఊడితే చక్రము పోవును గనుక, ఆ చీల లేకపోవుటే అక్కడ చేటు. ఇక్కడ అట్లు కాదు. పెట్టెను పట్టి ఉంచునవి బోల్టులు గనుక, పిన్ను లేకున్నా ఇంజను నడుచును. చేటంతా అది పడే చోటులో ఉన్నది. అదృష్టము బాగుంటే గేర్ల పక్క నుండి జారి ఆయిల్ చాంబరులో పడి ఊరకుండును. లేదా తిరిగే గేరు దానిని విసిరి పెట్టె గోడకు కొట్టును. గోడ పగిలి ఆయిలు కారును. రెండు గేర్ల పండ్ల నడుమ చిక్కితే పండ్లు విరుగును, టైమింగు తప్పును, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగును. అప్పుడు సగము దారిలో, పత్తి లోడుతో బండి నిలిచిపోవును. బోరు చేయించినంత ఖర్చు, ఆపై సీజను నష్టము. దీనికి ముందుగా శబ్దము రాదు, పొగ రాదు. అందుకే అమెరికా మెకానికులు దీనికి ‘కిల్లర్ డోవెల్ పిన్’ అని పేరు పెట్టుకొన్నారు. పేరు కొంచెము పెద్దదే, పిన్ను మాత్రము చిన్నది.

అట్లని రేపే ఇంజను విప్పించమని నేననను. ముందు ఆయిల్ సీలు కారుతున్నదని మేస్త్రీ మూత విప్పే దినము ఎట్లయినా వచ్చును. ఆ దినమే ఈ పని కూడ చేయించవలెను. విప్పు కూలి ఒక్కటే అగును. కొత్తగా కొన్న పాత బండి అయితే మాత్రము, కోతలకు ముందు ఖాళీ దినములలోనే విప్పించుట నా దృష్టిలో మేలు.

ఫ్యాను, బెల్టు, డంపరు పుల్లీ, ముందు మూత తీసిన పిదప, క్రాంకు గేరు కింద చాంబరులోనికి పోయే సందులో శుభ్రమైన గుడ్డ కుక్కవలెను. జారిపడే పిన్నును ఆపబోయి బోల్టు జారవిడుచుట నవ్వులపాటు. ఆ పిదప కామ్ గేరు దగ్గర పిన్ను రంధ్రము చూడవలెను. పిన్ను అంచు బయటికి వచ్చి ఉంటే మెల్లగా లోనికి కొట్టి, పక్కనున్న పెట్టె బోల్టు కిందనే ఒక ఉక్కు రేకు ముక్క బిగించి, దాని కొస రంధ్రము మీదికి వచ్చేటట్లు చేయవలెను. ఇక పిన్ను వదులైనా బయటికి రాలేదు. రేకు గేరుకు తగులకుండ ఇంజనును చేతితో రెండు చుట్లు తిప్పి చూడవలెను. కొందరు మేస్త్రీలు రంధ్రపు అంచును పంచితో నొక్కి ముడుతురు. అదియు పనికి వచ్చును గాని, రేకే నాకు నమ్మకము. పెట్టె తయారీలోనే పిన్నుకు అడ్డు ఉంటే ఏమియు చేయనక్కరలేదు, మూసివేయవచ్చును.

రంధ్రము ఖాళీగా కనబడితే? అప్పుడు తొందరపడి మూయరాదు. పిన్ను లోపలనే ఎక్కడో ఉన్నది. చాంబరు విప్పి అది దొరికే వరకు వెదకవలెను. గేరు పండ్లు ఒక్కొక్కటి చూడవలెను, పెట్టెకు బీటలున్నవేమో చూడవలెను.

మూత తీసి ఉండగానే పెట్టె బోల్టులు అన్నియు చూడుడు. అదురుకు అవి కూడ వదులగును. ఒక్కొక్కటిగా తీసి, దారము శుభ్రపరచి, లాక్‌టైట్ వంటి మందు రాసి, టార్కు పానాతో కంపెనీ పుస్తకములో ఉన్నంత బిగువే బిగించవలెను. చేతి అంచనాకు బిగించరాదు. కొత్త ప్యాకింగు, కొత్త సీలు వేయుడు. సీలుకు ఆయిలు రాసి ఎక్కించుట మన మేస్త్రీలకు అలవాటు. ఈ ఇంజను ముందు సీలును మాత్రము, షాఫ్టు శుభ్రముగా తుడిచి, పొడిగానే ఎక్కించవలెను. నూనె రాస్తే వారము దినములకే మరల కారును, తప్పు సీలు మీదికి పోవును.

‘ఇన్నేండ్లు పడనిది ఇప్పుడు పడునా’ అని మేస్త్రీ అనవచ్చును. పాతబడిన కొద్దీ వదులగునది గనుక, పాత బండికే ఎక్కువ చూడవలసి ఉన్నదని చెప్పుడు. పని జరిగేటప్పుడు దగ్గర నిలిచి, రేకు బిగించిన పిదప మీ కళ్ళతో చూచి, మూత వేయనిండు. తేదీ, కిలోమీటర్లు ఒక కాగితము మీద వ్రాసి ఆర్.సి. పుస్తకముతో పాటు పెట్టుకొనుడు. బండి అమ్మినపుడు ఆ కాగితము కొన్నవారికి ఇయ్యుడు.